మంట ఆరిన వేసవి

ఆ వేసవి మా ఇంట్లో గొడవ ఒక కర్టెన్‌తో మొదలైంది.

పడకగది కిటికీకి నేను లేత నీలం కర్టెన్ కుట్టించాను. అత్తయ్య దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది కర్టెనా, దోమతెరా?" అన్నారు.

"లేత రంగైతే గది పెద్దగా కనిపిస్తుంది అత్తయ్యా."

"గది పెద్దదై ఏం లాభం, నిద్ర చిన్నదైపోతుంటే. నల్ల గుడ్డ తెచ్చి మేకులు కొట్టించు."

"మేకులు కొడితే పగలు తీయడం ఎలా?"

"తీయడం ఎందుకు?"

మా ఆయన గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. "సగం కిటికీకి నీలం, సగానికి నలుపు వేయించండి. నేను మధ్యలో పడుకుంటాను" అన్నారు. ఇద్దరం ఒకేసారి ఆయన వైపు తిరిగాం. ఆయన టిఫిన్ డబ్బా కూడా అందుకోకుండా డ్యూటీకి వెళ్లిపోయారు. బస్సు డ్రైవరు కదా, ఎక్కడ బ్రేకు వేయాలో, ఎక్కడ స్పీడు పెంచాలో బాగా తెలుసు.

కర్టెన్ వెనకాల ఉన్నది మంట. మా వీధి చివర కంచె, కంచె లోపల చమురు బావి. భూమిలోంచి చమురుతోపాటు గ్యాసు కూడా వస్తుంది. దాన్ని పట్టి దాచే ఏర్పాటు లేక ఒక పొడవాటి గొట్టం చివర తగలబెట్టేవాళ్లు. ఆ మంట పుణ్యమా అని మా వీధికి చీకటి పడటం మానేసింది. ఇంటి గోడలన్నీ రాత్రంతా నారింజ రంగులో ఉండేవి. కుక్కలు తమ నీడలతోనే తగాదా పెట్టుకునేవి. ఇక ఆ హోరు, విమానమొకటి దిగబోయి దిగకుండా మా నెత్తి మీదే ఆగిపోయినట్టుండేది. ఒకరితో ఒకరం మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టే వినిపించేది. నిజంగా పోట్లాడుకున్నప్పుడు ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, అదొక్కటే సుఖం.

అత్తయ్య రిటైరైన డ్రిల్లు టీచరు. ఆవిడ నిలబడితే గోడ కూడా కొంచెం నిటారుగా కనిపిస్తుంది. మా అమ్మాయి చదివే బడిలో బ్యాండు పెట్టించింది ఆవిడే. అమ్మాయి చేతికి ట్రంపెట్ ఇచ్చిందీ ఆవిడే. ఇచ్చిన రోజు నుంచి మనవరాలిని పేరు పెట్టి పిలవడం మానేశారు. "బూర" అంటే మా అమ్మాయి అని వీధంతటికీ తెలుసు. సెలవులయ్యాక బళ్లన్నిటి మధ్య బ్యాండు పోటీ. పాట చివర్లో మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. ట్రంపెట్ ఒక్కటే ఒకే స్వరాన్ని పట్టుకుని, జెండా కర్ర పైదాకా వెళ్లేవరకు నిలపాలి. ఆ స్వరం మా బూరది. ఆ వేసవంతా మా ఇల్లు ఆ ఒక్క స్వరం చుట్టూ తిరిగింది.

కానీ సాధన ఎక్కడ? గదిలో వాయిస్తే ఎదురింటి టైలరు కత్తెర వంకర పోతుందని మొత్తుకుంటాడు. మేడ మీదికి వెళితే మంట వేడి, హోరు. తన బూర తనకే వినపడక పిల్ల ఏడుపు ముఖంతో దిగివచ్చింది.

అత్తయ్య ఆ ముఖం చూశారు. నల్ల గుడ్డ సంగతి మరిచిపోయారు.

"అమ్మాయ్, మంట ముందు మనం కర్టెన్లు కట్టుకోవడం ఏమిటి? మంటనే కట్టేయమందాం."

మర్నాడు పొద్దున్నే ఆవిడ వీధిలోకి వెళ్లారు. ఇంటింటి తలుపూ తట్టారు. బియ్యం ఏరుతున్న మూలింటి పిన్నిగారు, నోట్లో సూదితో టైలరు, తడి జుట్టుతో కొత్త కోడళ్లు, అందరూ వచ్చారు. రాకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. కంచె గేటు ముందు అత్తయ్య వాళ్లని పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక వరసలుగా నిలబెట్టారు. ఆవిడ విజిలు వేస్తే కూర్చోవడం, మళ్లీ వేస్తే లేవడం. లేచినప్పుడల్లా "మంట ఆర్పండి" అనడం. అంతే మా ఉద్యమం.

"టీచరమ్మా, మోకాళ్లు" అన్నారు పిన్నిగారు మూల్గుతూ.

"మోకాళ్లు నీవి, మంట వాళ్లది. ఏది ముందు ఆగాలో నువ్వే చెప్పు. ఊఁ, లే."

గేటు లోపలి పనివాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లలో కొందరు మాతోపాటే లేవడం, కూర్చోవడం మొదలుపెట్టారు, బళ్లో డ్రిల్లు చేసిన అలవాటు కొద్దీ. చివరికి షిఫ్టు ఇంజనీరు బయటికి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని మా గోడు అంతా విన్నాడు. పై వాళ్లని అడిగి చెబుతానన్నాడు. అడిగాడు కూడా. ఆ వారం గడవకుండానే ఒక సాయంత్రం, మేం చూస్తుండగానే, గొట్టం చివర మంట చిన్నదై, నీలంగా మారి, దీపం కొండెక్కినట్టు ఆరిపోయింది.

ఆ సాయంత్రం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ముందు నిశ్శబ్దం వచ్చింది. ఎవరింట్లోనో కుళాయి కారడం వినిపించింది. తర్వాత గోడల మీది నారింజ రంగు దిగిపోయి, మెల్లగా, సిగ్గుపడుతూ వచ్చినట్టు చీకటి వచ్చింది. చుక్కలు కనిపించగానే పక్కింటి మూడేళ్ల పిల్ల "ఎవరు పెట్టారు?" అని అడిగింది. "మా నానమ్మ" అంది బూర.

వీధి వీధంతా మేడ మీదికి ఎక్కింది. మంచాలు, చాపలు, దిళ్లు, రేడియోలు. ఈ మేడ నుంచి ఆ మేడకి మాటలు, వేళాకోళాలు. టైలరు తన మేడ అంచున నిలబడి, "టీచరమ్మకి జీవితాంతం జాకెట్లు ఉచితం" అని ప్రకటించాడు. "కొలతలు సరిగ్గా తీస్తే చాలు నాయనా" అన్నారు అత్తయ్య. బూర ట్రంపెట్ ఎత్తి ఆ చివరి స్వరాన్ని పట్టుకుంది. అది మేడల మీదుగా సాగి సాగి, ఎవరూ ఊపిరి తీసుకోకుండా విన్నాక, ఆగింది. వీధంతా చప్పట్లు. అత్తయ్య చప్పట్లు కొట్టలేదు. గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఆవిడ అలా ఆనుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఇక రోజూ పండగే. పొద్దు వాలగానే భోజనాలు ముగించి మేడలెక్కడం, కిటికీలన్నీ బార్లా తెరిచి పెట్టడం. నీలం కర్టెన్ గాలికి ఎగిరింది, గెలిచింది నేనని అత్తయ్య ఒప్పుకోలేదు గానీ.

దగ్గు ఎప్పుడు మొదలైందో నేను ఖచ్చితంగా చెప్పలేను. బూరది ముందు గొంతులో గరగర. "ఐసు నీళ్లు" అన్నారు అత్తయ్య, ఫ్రిజ్ సీసాలు తీసేశారు. తర్వాత ఛాతీలో పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నని కూత. "దిండులో దూది పాతబడింది" అన్నారు, దిళ్లు మార్చాం. టైలరు సూదిలో దారం ఎక్కించలేక కళ్లు తుడుచుకుంటున్నాడు, కళ్లజోడు మార్చుకోమని అత్తయ్య సలహా. పిన్నిగారికి సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం. "మేడ మెట్లు ఎక్కే వయసా అది" అని తీర్పు. ఆవిడ దగ్గర ప్రతి జబ్బుకీ ఒక నేరస్థుడు ఉన్నాడు. పాపం పక్కింటి పిల్లి కూడా కొన్నాళ్లు ముద్దాయిగా ఉంది.

మా ఆడపడుచు ఇల్లు ఊరికి అవతలి వైపు. బూరని అక్కడికి తీసుకెళ్లి రెండు రోజులుంటే కూత లేదు, దగ్గు లేదు. వాళ్ల మేడ మీద ఆ స్వరాన్ని ఎంతసేపు పట్టిందంటే, మా ఆడపడుచు "ఒసేయ్, ఇక చాల్లే, ఊపిరి తీసుకో" అని బతిమాలింది. ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రమే మళ్లీ మొదలు.

"మన స్టాపు రాగానే జనం కిటికీలు మూస్తున్నారు" అన్నారు మా ఆయన ఒకరోజు చేతులు కడుక్కుంటూ. "నాకూ మలుపు దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వచ్చినట్టుంటుంది. ఇంట్లోకి వచ్చేసరికి ఏమీ ఉండదు."

"కాలువ" అన్నారు అత్తయ్య.

"కాలువ ఎండిపోయి చాలా రోజులైందమ్మా."

"అందుకే కంపు."

నేను గాలి గట్టిగా పీల్చి చూశాను. నాకూ ఏ వాసనా లేదు.

ఆ వారంలోనే, మేడ మీద దీపాలు పెట్టే వేళకి, బూర ట్రంపెట్ కింద పెట్టి నా వైపు చేయి చాచింది. మాట రావడం లేదు. పెదవుల రంగు మారింది. భుజాలు పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. మా ఆయన పిల్లని ఎత్తుకుని మెట్లు దిగిన వేగం, ఎదురొచ్చిన ఆటోని ఆపిన తీరు, ఆసుపత్రిలో ముక్కుకి మాస్కు పెట్టాక ఆ చిన్న ఛాతీ నెమ్మదించడం, అన్నీ ఒకే ఊపులో జరిగిపోయాయి. డాక్టరమ్మ పీల్చే మందు రాసిచ్చింది. "ఈ మధ్య మీ వైపు నుంచి చాలామంది వస్తున్నారు" అంది. "పిల్లని బూర వాయించనివ్వకండి. అసలు దేనివల్ల వస్తోందో తెలిసేదాకా. ఇలాంటిది ఇంకోటి వస్తే, మీరు వీధి మలుపు తిరిగేలోగా..." అని ఆగి, మందు చీటీ నా చేతిలో పెట్టింది.

దేనివల్ల? ఆ ఒక్క ప్రశ్నతో నాకు ఇంట్లో కాలు నిలవలేదు. దుప్పట్లు ఉడకబెట్టాను, బూజు దులిపాను, మందుల వాసన, అగరు వాసన, సబ్బు వాసన, ఒక్కొక్కటీ మానేసి చూశాను. కాలేజీలో రసాయనశాస్త్రం చదివిన రోజుల్లో కూడా నేను ఇంత పట్టుగా పరీక్షలు చేయలేదు.

ఒక సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి, పక్క గదిలో బూర మెల్లగా కూనిరాగం తీస్తుంటే వింటున్నాను. మధ్యలో కూత వినిపిస్తుందేమోనని చెవి అటే వేశాను. పాలు పొంగాయి. మంట మీద పడి చుయ్యిమన్నాయి.

హాల్లోంచి అత్తయ్య గొంతు. "అమ్మాయ్, పొయ్యి ఆరింది. గ్యాసు వస్తోంది." ఆవిడే పరిగెత్తుకొచ్చి మీట తిప్పేశారు. కిటికీ తోసేశారు. "మంట ఆరితే ముందు గ్యాసు కట్టాలని పసిపిల్లకి కూడా తెలుసే. మంట లేకుండా గ్యాసు వదిలేస్తే ఇంట్లో ఉన్నవాళ్లు ఏమైపోతారు..."

ఆవిడ చేయి కిటికీ రెక్క మీదే ఉండిపోయింది. వంటింటి కిటికీలోంచి చూస్తే కంచె, కంచె మీదుగా గొట్టం. గొట్టం చివర ఏమీ లేదు. దాని వెనకాల ఆకాశం మాత్రం, ఎండలో తారు రోడ్డు మీద కనిపించినట్టు, సన్నగా వణుకుతోంది.

నేను ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ నా వైపు చూడలేదు. గుడ్డ తీసుకుని ఆవిడే పొయ్యి తుడిచారు. మూలలు కూడా వదలకుండా, చాలాసేపు. తర్వాత గుడ్డ పిండి ఆరేసి, "చెప్పులు వేసుకో" అన్నారు.

షిఫ్టు ఇంజనీరు మమ్మల్ని చూసి సంతోషించాడు. క్యాబిన్‌లో కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. "రండి టీచరుగారూ. ఈసారి విజిలు లేదా?"

"బావి ఆగిందా నాయనా?" అన్నారు అత్తయ్య.

"ఎందుకు ఆగుతుందండీ? బ్రహ్మాండంగా నడుస్తోంది."

"మరి గ్యాసు?"

"అదీ వస్తుందండీ, చమురుతోపాటు. అది రాకుండా ఇది రాదు కదా."

"ఎక్కడికి పోతోంది?"

అతను కలంతో పైకి చూపించాడు. "అలా పైకి వదిలేస్తున్నామండీ. గొట్టం ఎత్తు మీదుంది, గాలికి చెదిరిపోతుంది. మీరే కదండీ మంట వద్దన్నారు. మీ వీధి నుంచి ఫిర్యాదులు ఆగిపోయాయని పై ఆఫీసు వాళ్లు కూడా మెచ్చుకున్నారు."

"మంట వెలిగినప్పుడు ఆ గ్యాసు కాలిపోయేది" అన్నాను నేను. "ఇప్పుడు కాలకుండా వస్తోంది. గాలి ఆడని సాయంత్రం అది చెదరదు. అందులో గాలికంటే బరువైన విషవాయువులు ఉంటాయి, కుళ్లిన గుడ్డు కంపు వాటిదే, అవి కిందికి దిగుతాయి. మేడల మీదికి."

అతను టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. చొక్కా జేబుకి అగ్గిపెట్టెంత పసుపుపచ్చ పరికరం ఒకటి తగిలించి ఉంది. అత్తయ్య వేలితో చూపించారు. "అదేమిటి?"

"ఇదా, చుట్టుపక్కల గ్యాసు ఎక్కువైతే కూస్తుందండీ. మా రక్షణ కోసం."

"ఎప్పుడైనా కూసిందా?"

"సాయంత్రాలు అప్పుడప్పుడు కూస్తుంటుంది. అప్పుడు మేం ఈ క్యాబిన్‌లోకి వచ్చి తలుపులు వేసుకుంటాం."

ఆ మాట అన్నాక అతనికి తను అన్నదేమిటో వినిపించినట్టుంది. కప్పు బల్ల మీద పెట్టేశాడు. అత్తయ్య తన టీ ముట్టుకోకుండానే లేచారు.

"మనకి వాసన తెలియట్లేదు" అన్నాను నేను గేటు దాటాక. "రోజూ పీలిస్తే ముక్కు దాన్ని చెప్పడం మానేస్తుంది అత్తయ్యా. మలుపు దగ్గర ఆయనకి తెలిసింది, ఇంట్లో తెలియలేదు."

టైలరు దుకాణం ముందు నుంచి వెళుతుంటే అతను ఎర్రటి కళ్లతో నవ్వుతూ లేచి నిలబడ్డాడు. "టీచరమ్మా, నిన్న రాత్రి మళ్లీ చుక్కలు లెక్కపెట్టాం. మీ చలవే." ఎన్నడూ తల దించి నడవని అత్తయ్య ఆ కాస్త దూరం నేల చూస్తూ నడిచారు.

ఇంటికి వచ్చి కిటికీలన్నీ మూశాం. ఎందుకని బూర అడిగితే, "నానమ్మ చెబుతుంది" అన్నాను. చెబుతారో లేదో నాకే తెలియదు. చెప్పకపోతే నేను చెప్పాలి, ఆవిడ గెలుపుని ఆవిడ కొడుకు ముందు, మనవరాలి ముందు విప్పి పరచాలి. ఆ మాటల్ని మనసులో పేర్చుకుంటూ కూర తరుగుతున్నాను. కత్తి మామూలుకంటే వేగంగా ఆడుతోంది. భయమని అనుకున్నాను గానీ కాదు. ఎన్నాళ్లుగానో తలుపు కింద నుంచి దూరుతున్న దొంగ కాలు ఒక్కసారి చేతికి చిక్కినట్టుంది నాకు.

భోజనాల దగ్గర అందరం ఉన్నాం. మా ఆయన డ్యూటీ బట్టల్లోనే కూర్చున్నారు. బూర పళ్లెం పక్కన పీల్చే మందు సీసా, మంచినీళ్ల గ్లాసు పెట్టుకున్నట్టు మామూలుగా పెట్టుకుని ఉంది.

"ఉక్కపోస్తోంది, కిటికీలు మూశారేం?" అన్నారాయన.

అత్తయ్య చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టారు. "రేపు పొద్దున బూర నీ బస్సులో మీ చెల్లెలింటికి వెళుతుంది. ఇక్కడి గాలి బాగయ్యేదాకా అక్కడే."

"బ్యాండు ప్రాక్టీసో?" అంది బూర.

"ఈ ఏడు వేరేవాళ్లు వాయిస్తారు."

"నానమ్మా, చివరి స్వరం ఒక్కటే కదా. సగం దమ్ముతో అయినా..."

"సగం దమ్ముతో వాయించడం నేను నీకు నేర్పలేదు."

బూర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్తయ్య ఎడమ చేత్తో దాని వీపు మీద నెమ్మదిగా రాశారు. అలా రాస్తూనే కొడుకు వైపు తిరిగారు. "రేపు మళ్లీ గేటు దగ్గరికి వెళుతున్నాం. మంట వెలిగించమని అడుగుతాను."

మా ఆయన నమలడం ఆపేశారు. "ఆర్పమని అడిగింది నువ్వే కదమ్మా."

"నేనే. ఆ రోజు మంట వద్దన్నాను, గ్యాసు ఏమవుతుందని అడగలేదు. సగమే అడిగాను. వాళ్లు ఆ సగమే ఇచ్చారు, మిగతా సగం బూర పీల్చింది. ముందు వెలిగిస్తారు. వెలిగితే హాయని కాదు, ఆ పొగా మంచిది కాదు. ఇంతకంటే నయం, అంతే. తర్వాత ఆ గ్యాసుని గొట్టాలు వేసి ఇక్కణ్ణుంచి పట్టుకుపోవాలి. పట్టుకుపోయేదాకా గేటు ముందు నుంచి కదలం."

"వీధంతా నవ్వుతుందమ్మా."

"నవ్వనీ. నవ్వడానికి ఊపిరి మిగిలినవాళ్లు నవ్వుతారు."

ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆయన మంచినీళ్లు తాగి, "రేపు మొదటి ట్రిప్పు అయ్యాక నేనూ వస్తాను" అన్నారు.

"పొడుగువాడివి, వెనక వరసలో నిలబడు" అన్నారు అత్తయ్య. బూర కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, అందరం ఆగాం. తగ్గాక మళ్లీ తినడం మొదలుపెట్టాం.

"పొరపాటు నాదని వీధికి నేనే చెబుతాను" అన్నారు అత్తయ్య. "టైలరుకీ, పిన్నిగారికీ, అందరికీ. ఆ తర్వాత గేటు దగ్గర మాట్లాడాల్సింది మాత్రం నేను కాదు."

"మరి ఎవరు?" అన్నాను.

"వాళ్లు కలంతో పైకి చూపిస్తే, కిందికి ఎలా వస్తుందో చెప్పగలిగినవాళ్లు. ఇవాళ నువ్వు చెబుతుంటే ఆ కుర్రవాడు కప్పు తిప్పుతూ కూర్చున్నాడు, చూశావుగా. నాకు అరవడమే వచ్చు."

ఆవిడ గరిటెడు అన్నం నా పళ్లెంలో వేసి, కూర గిన్నె నా వైపు జరిపారు.

"తిను. రేపు నీ గొంతు ఆ కంచె చివరిదాకా వినిపించాలి."